అక్కయ్య తొట్టి నీళ్లు

తెనాలి,
6-9-1970

చిరంజీవి రత్నానికి బావ ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. అంటే పొద్దున ఎరువుల కొట్టు తెరుస్తున్నాను, సాయంత్రం మూస్తున్నాను, పక్కింటి రావమ్మగారు వండి పెట్టింది తింటున్నాను. పెళ్లాం పోయి నెలన్నర అయినా ఈయనకి కంటనీరు రాలేదని బజార్లో అనుకుంటున్నారట. మా కొట్లో బస్తాలు మోసే లూకా చెప్పాడు. నిజమే, రాలేదు. రానిదాన్ని ఎక్కణ్ణుంచి తేను?

నిన్న అత్తయ్యగారు రేపల్లె నుంచి వచ్చి వెళ్లారు. పెద్దకర్మ రోజున కాలవ గట్టు మీద ముద్ద పెడితే కాకి ఎంతకీ రాకపోవడం, ఆవిడ "నా చిన్నపిల్లని ఈ ఇంటికే ఇస్తాను తల్లీ" అనగానే వచ్చి వాలడం, ఆ సంగతే మళ్లీ ఎత్తారు. అది మీ అక్కయ్య కోరికట. సంవత్సరీకం కాకుండా పెళ్లి మాట వద్దన్నాను. దానికి ఆవిడ ఒక షరతు పెట్టారు. ప్రతినెలా తిథి నాడు మా పెరటి గోడ మీదే మీ అక్కయ్యకి విస్తరి వెయ్యాలి. ఎవరూ ఏ మాటా ఇవ్వకుండానే కాకి వచ్చి తింటే, మీ అక్కయ్యకి ఏ కోరికా లేనట్టు. రాకపోతే నిన్ను అడుగుతున్నట్టే. సంవత్సరీకం అయిన వెంటనే ముహూర్తం పెట్టించేస్తారు. సరేనన్నాను. ఏ నెలకి ఆ నెల ఆవిడకి కార్డు రాయాలి.

నీతో పని ఉండి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెరట్లో మీ అక్కయ్య కట్టించుకున్న సిమెంటు తొట్టి, అందులో మద్రాసు నుంచి తెప్పించుకున్న ఎర్ర చేపలు నీకు తెలుసు. ఇన్నాళ్లూ వాటి సంగతి నాకు పట్టేది కాదు. ఇప్పుడు పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడుతున్నాను. నీడ పడగానే నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి, నన్ను చూసి ఆవిడనుకుని. ఆ నీళ్లు రోజురోజుకీ పచ్చబడుతున్నాయి. చేపలు బాగా పైకొస్తే తప్ప కనపడటం లేదు. నువ్వు బాపట్లలో పొలాల మట్టీ నీళ్లూ పరీక్ష చేసే లాబ్‌లో ఉన్నావు కదా, ఇవి కూడా ఒకసారి చూస్తావా? అవి చచ్చిపోతే నాకు బాగుండదు. ఎందుకంటే చెప్పలేను.

మీ బావ,
వెంకట్రామయ్య


బాపట్ల,
10-9-1970

బావగారికి రత్నం నమస్కారాలు.

ముందు నీళ్ల సంగతి. శుభ్రమైన గాజు సీసా తీసుకోండి. సబ్బుపొడితో కడగొద్దు. సబ్బుపొడిలోనే భాస్వరం ఉంటుంది, నాకు తప్పు లెక్క వస్తుంది. తొట్టి నీళ్లతోనే రెండుమూడుసార్లు తొలిచి, మోచెయ్యి లోతున ముంచి నింపండి. రోజూ తెనాలి నుంచి ఇక్కడి ఆఫీసుకి రైల్లో వచ్చే హనుమయ్య బాబాయిగారి చేతికివ్వండి. సీసా మీద 'చేపల నీళ్లు' అని కాగితం అంటించండి. లేకపోతే ఆయన చుండూరు దాటేలోపు తాగేస్తారు.

మా ఆఫీసరు శేషగిరిరావుగారిని అడిగాను. ఇన్ని పొలాలకి చేస్తున్నాం, మీ అక్కయ్య తొట్టికి చెయ్యకపోతే ఎలాగమ్మా అన్నారు. ఆయన అంత మంచిగా మాట్లాడితే ఏడవాలేమో అనుకున్నాను. నాకూ రాలేదు. గాజుగొట్టాలు కడుక్కుంటూ కూర్చున్నాను.

రెండో సంగతి. అమ్మకి అప్పుడే చెప్పాను, నేను చేసుకోనని. మీరంటే గౌరవం లేక కాదు. అక్కయ్య గాజులు వేసుకుని, అక్కయ్య పీట మీద కూర్చుని, మీకు కాఫీ ఇస్తూ జీవితమంతా ఉండలేను. ఈ ఉద్యోగం వదులుకోలేను. అమ్మ నా మాట వినదు, కాకి మాట వింటుంది. కాబట్టి నా బతుకు మీ పెరటి గోడ మీద ఉంది బావా. ఇంతకంటే ఆ విషయం రాయడానికేమీ లేదు.

సీసా పంపండి.

రత్నం


తెనాలి,
20-9-1970

చి. రత్నానికి,

హనుమయ్యగారి చేతికి సీసా ఇచ్చాను. కాగితం అంటించాను. ఆయన దాన్ని చదివి, చేపల నీళ్లకి కూడా పరీక్షలేంటండీ అని బండంతా నవ్వించాడట.

మొన్న తిథి వెళ్లింది. విస్తరి ఖాళీ అయింది. అత్తయ్యగారికి కార్డు రాశాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

బావ


బాపట్ల,
24-9-1970

బావగారికి,

నీళ్లు చూశాను. మేం చేసేదేమిటంటే, సీసా నీళ్లు కొంచెం గొట్టంలో పోసి మందు కలిపి పక్కన పెడతాం. భాస్వరం ఉంటే నీలం తిరుగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం. మంచి చెరువు నీళ్లయితే ఆ నీలం ఉందో లేదో తెల్లకాగితం మీద పెట్టి వెతుక్కోవాలి. మీవి చాకలి నీలిమందు కలిపినట్టు వచ్చాయి.

మీరు కొల్లిపర రైతులకి సూపరు ఫాస్ఫేటు బస్తా అమ్ముతూ ఏం చెప్తారు? వేళ్లు బాగా పడతాయి, పైరు నిగనిగలాడుతుందని కదా. తొట్టిలో జరుగుతున్నదీ అదే. పైరు లేదు కనుక భాస్వరమంతా నాచుకి బలం పోస్తోంది. కంటికి విడివిడిగా కనపడనంత సన్నటి నాచు, అదే ఆ పచ్చదనం. పగలు బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక నీళ్లలో గాలినంతా అదే పీల్చేస్తుంది. తెల్లారేసరికి చేపలు ఊపిరి కోసం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మిమ్మల్ని చూసి అక్కయ్య అనుకుని మాత్రమే కాదు బావా.

నా అనుమానం మీ బస్తాల మీద. పెరటి వసారాలో సూపరు ఫాస్ఫేటు బస్తాలు పేర్చి ఉంటాయి, వాటి పొడి వానకి కొట్టుకొచ్చి తొట్టిలో పడుతుంది. వాటిని అక్కణ్ణుంచి తీయించండి. తొట్టిలో మూడోవంతు నీళ్లు తోడి అరటిచెట్లకి పోసి, బావినీళ్లు ఒక రోజు బయట ఉంచి నింపండి. వారం తర్వాత ఇంకో మూడోవంతు. ఒకేసారి మొత్తం మార్చొద్దు, కొత్త నీళ్లకి చేపలు బెదిరి చస్తాయి. కాస్త గుర్రపుడెక్క తెచ్చి వెయ్యండి. అది భాస్వరాన్ని లాక్కుంటుంది. పెరిగిన దాన్ని ఎప్పటికప్పుడు తీసి పారెయ్యాలి. అందులోనే కుళ్లనిస్తే తీసుకున్నదంతా తిరిగి నీళ్లలోకే ఇస్తుంది.

మేత చిటికెడు మించకూడదు.

విస్తరి ఖాళీ అయిందన్న వాక్యం చాలాసార్లు చదివాను. ఆ పూట అన్నం తిన్నాను.

రత్నం


తెనాలి,
28-10-1970

చి. రత్నానికి,

చెప్పినట్టే చేశాను. బస్తాలు లూకా వీధివైపు కొట్లోకి మార్చాడు. రెండుసార్లు నీళ్లు మార్చాం. గుర్రపుడెక్క కోసం మన కాలవకే పోయాను. కొనుక్కోవాల్సిన సరుకు కాదు కదా అది. మోకాళ్ల లోతు దిగి లాగుతుంటే గట్టు మీద తెలిసినవాళ్లు ఆగి, ఏంటి వెంకట్రామయ్యా ఇదీ అని అడిగారు. చేపలకి అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

వారం రోజులు నీళ్లు తేటపడ్డాయి. తొట్టి అడుగున మీ అక్కయ్య అమర్చిన గులకరాళ్లు కనిపించాయి. మళ్లీ పచ్చబడటం మొదలెట్టాయి. నిన్న పొద్దున ఒక చేప వెల్లకిలా తేలింది. తీసి పెరట్లో పూడ్చాను. ఏమీ అనిపించలేదు. చేతులు కడుక్కుని కొట్టు తెరిచాను.

ఈ నెలా విస్తరి ఖాళీ అయింది. ఇంకో సీసా పంపుతున్నాను.

బావ


బాపట్ల,
3-12-1970

బావగారికి,

మీ సీసా, దాని తర్వాత పంపింది, రెండూ చూశాను. తగ్గాల్సింది పెరిగింది. మొదటిసారి పొరపాటు చేశానేమోనని మళ్లీ చేశాను. కొత్త మందు కలిపి ఇంకోసారి చేశాను. గొట్టాన్ని శేషగిరిరావుగారికి చూపిస్తే, ఇవి తొట్టి నీళ్లా, తూము నీళ్లా అమ్మా అన్నారు. బస్తాలు తీశాక, నీళ్లు మార్చాక, డెక్క వేశాక కూడా పెరిగిందంటే ఎక్కడినుంచో రోజూ వచ్చి పడుతోందన్నమాట. అదేమిటో నాకు తోచడం లేదు. మీ బావినీళ్లు కూడా హనుమయ్యగారితో తెప్పించుకుని చూశాను. అందులో ఏమీ లేదు.

ప్రస్తుతానికి పటిక వాడదాం. పటిక భాస్వరాన్ని పట్టుకుని అడుక్కి దింపేస్తుంది. గడ్డని గుడ్డలో కట్టి, నీళ్లలో నెమ్మదిగా తిప్పి తీసెయ్యండి. రోజుకి కొంచెం. ఎక్కువైతే నీళ్లు పులుస్తాయి, అప్పుడు చేపల్ని నాచు కాదు మనమే చంపినట్టవుతుంది. దీంతో పంపుతున్న లిట్మస్ కాగితపు ముక్క ముంచి చూడండి. ఎర్రబడితే ఆపి, సున్నపు తేట కొంచెం పొయ్యండి.

రేపల్లె వెళ్లొచ్చాను. అమ్మ మెత్తబడింది. నెలనెలా కాకి వచ్చి తింటోంది, నా పెద్దదానికి ఏ దిగులూ లేదు అంటూ మీ కార్డులు నాకు చదివి వినిపించింది. నా పెళ్లి ఊసు ఎత్తలేదు. తిరిగి వస్తుంటే రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత చల్లగాలి చల్లగా ఉందని తెలుసుకున్నాను. ఆ కాకి ఎక్కడిదోగాని దానికి నేను రుణపడ్డాను.

రత్నం


తెనాలి,
8-2-1971

చి. రత్నానికి,

పటికతో రెండు వారాలు బాగున్నాయి నీళ్లు. తర్వాత మామూలే. మళ్లీ పటిక, మళ్లీ రెండు వారాలు, మళ్లీ పచ్చన. నాచు ఇప్పుడు గోడలకి కూడా జిగురులా పట్టింది. లూకా కొబ్బరిపీచుతో రుద్దుతున్నాడు. తొట్టి దగ్గరికి వెళ్తే వాసన వేస్తోంది.

చేపలు ఆరున్నాయి. తెలతెలవారుతుండగా వెళ్తే అన్నీ నీళ్లపైన నోళ్లు పెట్టి ఉంటాయి. బకెట్టుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ కూర్చుంటాను, గాలి కలుస్తుందని. ఎండ ఎక్కాక లోపలికి పోతాయి. అప్పుడు నేనూ కొట్టుకి పోతాను.

విస్తరి సంగతి ఎప్పటిలాగే. కార్డు రాశాను.

బావ


బాపట్ల,
1-3-1971

బావగారికి,

ఇలా లాభం లేదు. మనం పైపైన తోడుతున్నాం, కింద ఎవరో పోస్తున్నారు. సూటిగా అడుగుతాను. తొట్టి మీద చెట్టు కొమ్మలున్నాయా? ఇంటి తూము నీళ్లు ఏమైనా కలుస్తున్నాయా? రావమ్మగారు అంట్లు తోమిన నీళ్లు అటు పారబోస్తున్నారా? మేత ఎవరు వేస్తున్నారు, ఎంత వేస్తున్నారు? చిటికెడు మించకూడదని నేను మొదటే రాశాను. చిటికెడు మేతకి ఇంత నీలం రాదు. ఎరువుల కొట్టు పెట్టుకున్న మీకు నేను చెప్పాలా, వేసినదాన్నిబట్టే కదా పంట.

తొట్టి అడుగున చేరిన అడుసు చేత్తో తీసి, మూత గట్టిగా బిగిసే సీసాలో పెట్టి పంపండి. నీళ్లు కాదు, అడుసు. దాచుకునేది ఏదైనా చివరికి అడుగునే ఉంటుంది.

రత్నం


తెనాలి,
14-3-1971

రత్నానికి,

అడుసు పంపుతున్నాను. పంపకుండా ఏదో ఒకటి చెప్పి ఊరుకుందామనే అనుకున్నాను. సీసా నింపి, మూత పెట్టి, అలమారలో పెట్టి మూడు రోజులు చూశాను. నిన్న ఇంకో చేప పోయింది. ఇక పంపుతున్నాను.

బావ


బాపట్ల,
18-3-1971

బావగారికి,

మీరు పంపిన అడుసు పళ్లెంలో పోసి, నీళ్లతో కడిగి, జల్లెడ పట్టాను. అన్నం మెతుకులున్నాయి. కుళ్లి నల్లబడినవి కొన్ని, కొత్తవి కొన్ని. మినప్పొట్టు ఉంది. మిరియం గింజ ఒకటి, పరమాన్నంలో వేసే ఏలకుల తొక్క రెండు. అన్నింటి మీదా నెయ్యి జిడ్డు.

చేపలకి గారెలు ఎవరు పెడుతున్నారు బావా?

రత్నం


తెనాలి,
5-4-1971

రత్నానికి,

నేనే.

మొదటి నెల తిథి నాడు విస్తరి గోడ మీద పెట్టి, మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. కాకి రాలేదు. వస్తుందని నేను అనుకోను కూడా లేదు. నాలుగేళ్ల కింద పురుగుమందు కలిపిన విత్తనాలు పెరట్లో ఎండబోస్తే, తినడానికొచ్చిన కాకులు ఇక్కడే పడి చచ్చాయి. ఆ రోజంతా మిగతా కాకులు చుట్టూ చేరి గోలపెట్టాయి. అప్పటినుంచీ మా గోడ మీద ఒక్క కాకి వాలదు. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పాను. నా బిడ్డ రావాలనుకుంటే విషం మీద నుంచైనా వస్తుంది అన్నారు. మళ్లీ కాలవ గట్టుకి వెళ్దామంటే, దాని ఇల్లు ఇది, ఇక్కడే పెట్టాలి అన్నారు.

ఆ మధ్యాహ్నం విస్తరి దింపాను. పారెయ్యడానికి చేతులు రాలేదు. తొట్టి పక్క నుంచి వస్తుంటే నీడ పడి చేపలు నోళ్లు తెరిచాయి. ఒక ముద్ద వేశాను. తిన్నాయి. ఇంకో ముద్ద వేశాను. మీ అక్కయ్య చేత్తో పెంచిన చేపలు కదా, ఆవిడే తింటున్నట్టు అనిపించింది. మొత్తం వంచేశాను. లోపలికెళ్లి అత్తయ్యగారికి విస్తరి ఖాళీ అయిందని రాశాను. కాకి తిన్నదని ఏనాడూ రాయలేదు. నా కార్డులు చూస్తే నీకే తెలుస్తుంది.

నువ్వు నీళ్లన్నీ చూసి చెప్పినప్పుడు అది నా వల్లేనని నాకు తెలియక కాదు. గేదెకి పెట్టి కూడా ఖాళీ అయిందని రాయొచ్చు. కానీ గేదె తింటే శకుంతల తిన్నట్టు నాకనిపించదు. ఇంకా చెప్పాలంటే, నాకూ సగం భయమే. నిజంగానే ఆవిడకి నామీద ఏదైనా అసంతృప్తి ఉండి రావడం లేదేమోనని. చేపలు తింటుంటే ఆ భయం ఆ పూటకి తగ్గేది. తర్వాత తర్వాత తిథి కాకపోయినా, నా విస్తట్లో మొదటి ముద్ద రోజూ తీసుకెళ్లి వేస్తున్నాను.

నేను మానేస్తే అత్తయ్యగారికి రాలేదని రాయాలి. అలా రాస్తే నీ మెడకి చుట్టుకుంటుంది. నిన్ను ఆ పీట మీద కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. చేపలు చచ్చినా ఫరవాలేదనుకున్నాను. ఇప్పుడు ఐదే ఉన్నాయి. ఫరవాలేదనుకోలేకపోతున్నాను.

బావ


బాపట్ల,
12-4-1971

బావగారికి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు లాబ్‌లో చేసిన లెక్కలన్నీ తప్పాయి. కోపం రావాలి. ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఏడు నెలలుగా నేను హాయిగా అన్నం తిన్నదీ, రైలు కిటికీ దగ్గర గాలి పీల్చిందీ అక్కయ్య చేపల ఊపిరి తీసి. మీరు నాకోసం చేశారు. నాకు మాత్రం చెప్పలేదు. మీరిద్దరూ, అంటే మీరూ అమ్మా, నన్ను అడక్కుండానే నా సంగతి తేలుస్తున్నారు. ఒకరు కాకితో, ఇంకొకరు చేపలతో.

ఇప్పుడు లాబ్ మనిషిగా చెప్తున్నాను. ఆ నీళ్లు ఇంకొక్క విస్తరి కూడా ఓర్చుకోలేవు. రోజూ వేసే ముద్ద కూడా మానెయ్యండి. చేపల్ని కుండలోకి మార్చి, తొట్టి పూర్తిగా తోడించి, అడుసంతా తీయించి, అరటిచెట్లకి వెయ్యండి. గోడలు గీకించండి, ఎండనివ్వండి. సగం పాత నీళ్లు, సగం బావినీళ్లతో కుండలో కొన్నాళ్లు ఉంచి, తర్వాత వదలండి. పది రోజులదాకా మేత అసలొద్దు. వాటికేమీ కాదు.

మరదలిగా చెప్తున్నాను. అమ్మకి నిజం రాయండి. రాలేదని రాయండి. నా కోసం ఇంకేదీ చంపొద్దు.

రత్నం


తెనాలి,
22-5-1971

రత్నానికి,

తొట్టి కడిగించాం. బుట్టలకొద్దీ అడుసు వచ్చింది. కుండలో ఉండగా ఒక చేప పోయింది, నాలుగు మిగిలాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. హనుమయ్యగారి చేతికి ఇచ్చిన సీసా చూసి రాయి.

రెండు నెలలుగా అత్తయ్యగారికి కాకి రాలేదని రాస్తున్నాను. విస్తరి లూకా వాళ్ల గేదెకి పెట్టిస్తున్నాను. అత్తయ్యగారి దగ్గరనుంచి జవాబు వచ్చింది. శ్రావణంలో ముహూర్తాలు చూపిస్తున్నారట.

బావ


బాపట్ల,
20-6-1971

బావగారికి,

నీళ్లు బాగున్నాయి. కాగితం మీద పెట్టి వెతుక్కుంటే గానీ నీలం కనపడలేదు. శేషగిరిరావుగారు గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, గెలిచావమ్మా అన్నారు. ఆయనకి ఏం చెప్పను?

మొన్న ఆదివారం రేపల్లె వెళ్లాను. అమ్మకి ఎదురుగా కూర్చుని, నాకీ పెళ్లి వద్దమ్మా అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "చెప్పాల్సింది నువ్వు కాదు, మీ అక్క" అంది. సంవత్సరీకం రోజున నన్ను తెనాలి రావొద్దంది. మాట ఖాయం చేసుకునే చోట పెళ్లికూతురు ఉండకూడదట. నా అక్క సంవత్సరీకానికి నేను రాకూడదు బావా. ఒకప్పుడైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఈసారి వచ్చి రైలెక్కాను. ఆ చేపల్లా నోరు మాత్రం తెరుచుకుని ఉన్నాను, అంతే.

ఆ రోజు మీరేం చేస్తారో నేను అడగను. తొట్టి సంగతి మాత్రం మర్చిపోకండి. ఇప్పుడు చెడితే ఆ నాలుగూ మిగలవు.

రత్నం


తెనాలి,
11-7-1971

రత్నానికి,

నిన్న సంవత్సరీకం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అత్తయ్యగారూ, మీ పెదనాన్న వెంకటప్పయ్యగారూ ముందురోజే వచ్చారు. వంట తనే చేస్తానని అత్తయ్యగారు కూర్చోబోతే, ఉపవాసం ఉన్నారు, పొయ్యి సెగ పడదండీ అని రావమ్మగారే చేశారు. తంతు అయ్యి పంతులుగారు వెళ్లాక విస్తరి గోడ మీద పెట్టాం. కాకి రాలేదు. పెదనాన్నగారు కుర్చీలో కునుకు తీశారు. అత్తయ్యగారు మాత్రం ఎండలో గోడవైపే చూస్తూ నిలబడ్డారు. చివరికి కళ్లు తిరుగుతుంటే రావమ్మగారు లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు.

పెరట్లో నేనూ, విస్తరీ మిగిలాం. దాన్ని దింపి తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో నీకు చెప్పనక్కర్లేదు. అందులో వంచేసి, కాకి వచ్చి తినేసి పోయిందండీ అంటే ఆవిడ నమ్ముతారు. నీ పెళ్లి మాట ఇక ఉండదు. నాలుగు చేపలూ పైకొచ్చాయి. నీళ్లలో వాటి తోకల దాకా కనిపిస్తున్నాయి. ఇవి కూడా పోతే శకుంతల చేత్తో పెట్టి పెంచింది ఈ ఇంట్లో ఇంకేదీ ఉండదనిపించింది. నీ తరఫున నేను ఆడాల్సింది అబద్ధం కాదని కూడా అనిపించింది. తీసుకెళ్లి మళ్లీ గోడ మీద పెట్టాను.

అత్తయ్యగారు లేచి వచ్చారు. విస్తరి అలాగే ఉంది. "రత్నాన్ని ఏలుకుంటానని నోరారా చెప్పు నాయనా. నువ్వు చెప్తేగానీ రాదది" అన్నారు.

నేను గోడవైపు తిరిగి, "శకుంతలా, రత్నానికి ఈ పెళ్లి ఇష్టం లేదు. నాకూ లేదు. ఆ మాట నేనివ్వను. నువ్వు తినకపోయినా సరే" అన్నాను. ఏడాదిలో ఆవిడని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అత్తయ్యగారు నా మొహం చూసి, "అయితే నా బిడ్డ ఆకలితోనే పోవాలా?" అన్నారు.

నెలనెలా విస్తరి ఏమైందీ, చేపలెలా చచ్చిందీ, నువ్వు అడుసు కడిగి ఎలా పట్టుకున్నదీ అంతా చెప్పేశాను. ఆవిడ తొట్టి దగ్గరికెళ్లి వంగి చూశారు. చేపలు ఆవిడ నీడకి కూడా పైకొచ్చాయి. ఇవేనా తిన్నది అని అడిగారు. అవునండి అన్నాను. పెదనాన్నగారు లేచి, మరి ముహూర్తం సంగతేంటమ్మా అనబోతే చేత్తో ఆగమన్నారు.

తర్వాత గోడ దగ్గరికెళ్లి విస్తరి దింపుకుని, వసారాలో పెట్టుకుని కూర్చుని తినడం మొదలుపెట్టారు. పోయినవాళ్లకి పెట్టింది తినకూడదండీ అని రావమ్మగారు చెయ్యి పట్టుకోబోయారు. "నా కూతురిదేగా" అన్నారు. చల్లారిపోయిన అన్నం, పప్పు, పరమాన్నం, అన్నీ మెతుకు వదలకుండా తిన్నారు. గారెలు చివరికి ఉంచుకుని, ఒకటి కొరికి, చాలాసేపు నమిలారు.

"ఇందులో అల్లం చాల్లేదు. శకుంతలకి గారెలో అల్లం మండాలి. అందుకే ముట్టలేదు. ఇంకేం కాదు, రత్నానికి రాయి" అన్నారు.

మంచినీళ్లు అడిగారు. తేవడానికి లోపలికెళ్లి, బిందె దగ్గర కూలబడి ఏడ్చాను. చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను రత్నం. ఆవిడ నీళ్ల కోసం మళ్లీ పిలవలేదు.

మీ బావ,
వెంకట్రామయ్య